మోటార్‌హోమ్ అప్‌గ్రేడ్: 1,28,000 డాలర్ల కొత్త బండా, 2,200 డాలర్ల బ్యాటరీ ప్యాకా?

ఫోన్ అప్‌గ్రేడ్ చేయాలా వద్దా అనే ప్రశ్నకి మన దగ్గర ఒక ఫార్ములా ఉంది. ప్రాసెసర్ చూస్తాం, కెమెరా చూస్తాం, బ్యాటరీ హెల్త్ చూస్తాం, ఎక్స్‌ఛేంజ్ వాల్యూ చూస్తాం, చివరికి "ఇంకో ఏడాది లాగేద్దాం" అంటాం. ఈసారి అదే ఫార్ములాని కొంచెం పెద్ద గ్యాడ్జెట్ మీద పెడుతున్నా. పొడవు 28 అడుగులు, చక్రాలు ఆరు, లోపల కిచెన్, బాత్‌రూమ్, రెండు బెడ్లు. మోటార్‌హోమ్ అన్నమాట.

మన ఊళ్ళలో దీన్ని కారవాన్ అంటారు. హీరో షాట్ గ్యాప్‌లో వెళ్ళి కూర్చునేది అని మాత్రమే చాలామందికి తెలుసు. అమెరికాలో మాత్రం ఇది మామూలు ఫ్యామిలీలు కొనుక్కుని పార్కులకి తిరిగే బండి. నేను డల్లాస్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. 2023లో నేను, మా మేనమామ కొడుకు, అంటే మా బావ, చెరి సగం వేసుకుని 2012 మోడల్ క్లాస్ సీ మోటార్‌హోమ్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. ఇప్పుడు దాన్ని మార్చి కొత్తది తీసుకోవాలా అన్నదే ప్రశ్న.

ప్రశ్న ఎందుకొచ్చిందంటే, ఈ డిసెంబర్‌లో మా అమ్మానాన్న ఇండియా నుంచి వస్తున్నారు. వాళ్ళని బిగ్ బెండ్ నేషనల్ పార్క్‌కి తీసుకెళ్ళాలని ప్లాన్. నాన్నకి స్లీప్ ఆప్నియా ఉంది. రాత్రి సీపాప్ మెషిన్ పెట్టుకునే పడుకోవాలి. కరెంట్ మధ్యలో పోతే మాస్క్‌లోకి గాలి ఆగిపోతుంది, ఆయన నిద్ర అక్కడితో సరి. కాబట్టి ఈ రివ్యూలో "బ్యాటరీ బ్యాకప్" అనేది స్పెక్ షీట్‌లో ఒక లైన్ కాదు, ఆ ట్రిప్ ఉంటుందా ఉండదా అనేది దాని మీదే ఆధారపడి ఉంది.

ముందు బేసిక్స్: ఇది ఒక గ్యాడ్జెట్ కాదు, రెండు

మోటార్‌హోమ్‌లో క్లాస్ ఏ, బీ, సీ అని మూడు రకాలు. క్లాస్ ఏ అంటే బస్సు లాంటిది. క్లాస్ బీ అంటే మెర్సిడెస్ స్ప్రింటర్, ఫోర్డ్ ట్రాన్సిట్, రామ్ ప్రోమాస్టర్ లాంటి వ్యాన్‌లోపలే ఇల్లు కట్టేసినది. క్లాస్ సీ అంటే ముందు భాగం మామూలు వ్యాన్ క్యాబిన్, వెనక పెట్టెలాంటి ఇల్లు, డ్రైవర్ తల మీద ఒక బెడ్. మాది ఇదే.

దీంట్లో ముఖ్యంగా అర్థం చేసుకోవాల్సింది ఒకటుంది. కింద ఉన్న ఛాసిస్ ఒక కంపెనీది, పైన ఉన్న ఇల్లు ఇంకో కంపెనీది. మా బండికి కింద ఫోర్డ్ ఈ-450 ఛాసిస్, 6.8 లీటర్ల వీ10 ఇంజిన్. పైన ఇల్లు కట్టింది వేరే వాళ్ళు. రెండూ వేరు వేరు స్పీడ్‌లో పాతబడతాయి. సంవత్సరానికి నాలుగైదు వేల మైళ్ళు తిరిగే ఇంజిన్‌కి పన్నెండేళ్ళు పెద్ద వయసేం కాదు. పైన రూఫ్ సీలింగ్, బ్యాటరీలు, టైర్లు, రబ్బర్ సీల్స్ మాత్రం బండి తిరిగినా తిరక్కపోయినా వయసుతోనే పోతాయి.

అందుకే "బండి పాతదైపోయింది" అని ఎవరైనా అంటే వెంటనే అడగాల్సిన ప్రశ్న: ఏ భాగం పాతదైంది? ఫోన్‌లో బ్యాటరీ ఒక్కటే పోతే మదర్‌బోర్డ్ కూడా మార్చం కదా. ఇక్కడా అంతే.

మా పాత బండి స్కోర్‌కార్డ్

డీలర్ దగ్గరికి వెళ్ళే ముందు ఒక శనివారం మొత్తం బండిని చెక్ చేశాం. మీ దగ్గర ఏ బండి ఉన్నా ఇదే ఆర్డర్‌లో చూడండి.

రూఫ్: ఇది మొట్టమొదటిది. మోటార్‌హోమ్‌ని చంపేది ఇంజిన్ కాదు, నీళ్ళు. రూఫ్ మీద వెంట్లు, ఏసీ, యాంటెన్నా చుట్టూ ఉన్న సీలెంట్ పగిలితే నీళ్ళు గోడల్లోకి దిగి చెక్క కుళ్ళిపోతుంది. క్లాస్ సీలో డ్రైవర్ తల మీద ఉండే బెడ్ మూలలు ఇంకా డేంజర్, గాలికి ఎదురుగా వాన కొట్టేది అక్కడే. మాయిశ్చర్ మీటర్ పెట్టి మూలమూలా చూశాం. పొడిగా ఉంది. నేల మీద ఎక్కడా మెత్తబడలేదు. ఇక్కడ ఫెయిల్ అయి ఉంటే ఈ ఆర్టికల్ ఇక్కడితో ఆగిపోయేది, బండి అమ్మేయడమే.

టైర్లు: టైర్ పక్కన డాట్ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు తయారీ తేదీ. 3519 అని ఉంటే 2019లో 35వ వారం అని అర్థం. థ్రెడ్ ఎంత బాగున్నా ఆరేడేళ్ళు దాటితే మార్చేయడం మంచిది. మావి వచ్చే ఏడాదికి డ్యూ. ఆరు టైర్లు, సుమారు 1,000 డాలర్లు.

ఇంజిన్, గేర్‌బాక్స్: మెకానిక్ చూసి ఓకే అన్నాడు. గాలన్‌కి 8 మైళ్ళు ఇస్తోంది. కొత్తది కొంటే మైలేజ్ అదిరిపోతుందని అనుకోకండి. 2020 తర్వాత ఈ-సిరీస్‌లో 7.3 లీటర్ల వీ8 వచ్చింది, ఎక్కడం దిగడం బాగుంది, కానీ అంతటి పెట్టెని గాలిలో తోసుకెళ్ళే ఏ పెట్రోల్ ఇంజిన్ అయినా ఆ చుట్టుపక్కలే ఇస్తుంది.

హౌస్ బ్యాటరీలు: ఇక్కడ దొరికిపోయింది. రెండు 12 వోల్ట్‌ల లెడ్ యాసిడ్ బ్యాటరీలు, ఒక్కోటి 80 యాంప్ అవర్స్. అసలు సమస్య ఇదే.

ఒక రాత్రికి ఎంత కరెంట్ కావాలి?

బిగ్ బెండ్‌లో రియో గ్రాండే విలేజ్ దగ్గర ఒక్క ఆర్‌వీ పార్క్‌లో తప్ప మిగతా క్యాంప్‌గ్రౌండ్‌లలో కరెంట్ కనెక్షన్ ఉండదు. కాటన్‌వుడ్ క్యాంప్‌గ్రౌండ్‌లో జనరేటర్ అసలు వాడనివ్వరు. మిగతా చోట్ల కూడా రాత్రిపూట జనరేటర్ వేయకూడదు. అంటే చీకటి పడ్డాక మన బ్యాటరీయే దిక్కు. నక్షత్రాలు చూడ్డానికి వెళ్ళే చోట అది న్యాయమే లెండి.

పది గంటల రాత్రికి లెక్క వేశాం:

హీటర్: గ్యాస్‌తో నడుస్తుంది కానీ లోపల ఫ్యాన్‌కి కరెంట్ కావాలి. 12 వోల్ట్‌ల దగ్గర 8 యాంప్స్, అంటే 96 వాట్లు. సగం సేపు తిరిగినా 480 వాట్ అవర్స్.
సీపాప్: హ్యుమిడిఫయర్ వేడి లేకుండా సగటున 40 వాట్లు, 8 గంటలు, ఇన్వర్టర్ నష్టంతో కలిపి సుమారు 360.
లైట్లు, వాటర్ పంప్, రౌటర్, ఫోన్లు: 150.
ఫ్రిజ్ కంట్రోల్ బోర్డు, గ్యాస్ డిటెక్టర్లు: 80.

మొత్తం 1,070 వాట్ అవర్స్.

ఇప్పుడు మా బ్యాటరీల సంగతి. 160 యాంప్ అవర్స్‌ని 12తో గుణిస్తే 1,920 వాట్ అవర్స్. కానీ లెడ్ యాసిడ్‌ని సగానికంటే కిందికి దింపుతూ పోతే దాని ఆయుష్షు పడిపోతుంది. కాబట్టి వాడుకోగలిగింది 960. అదీ కొత్తవైతే. వయసైన బ్యాటరీలు, పైగా చలి. అంటే నాన్న సీపాప్ తెల్లారకముందే ఆగిపోయే చాన్స్ ఉంది.

బావ వెంటనే తేల్చేశాడు. "ఒరేయ్, మామయ్య వస్తున్నాడు, రిస్క్ ఎందుకు? కొత్తది తీసేసుకుందాం. దాంట్లో అన్నీ లేటెస్ట్ ఉంటాయి."

"అన్నీ అంటే ఏంటి బావా? స్పెక్ షీట్ చూశావా?"

"నువ్వు చూడు. నీ పనే అది కదా."

చూశాను.

కొత్త బండి స్పెక్ షీట్‌లో దాక్కున్న విషయాలు

మేం చూసింది అదే సైజు కొత్త క్లాస్ సీ. డీలర్ ధర 1,28,000 డాలర్లు. లోపలికి వెళ్ళగానే బావ మొహం వెలిగిపోయింది, నాదీ అంతే. పెద్ద టచ్ స్క్రీన్, యాప్‌తో లైట్లు, యూఎస్‌బీ సీ పోర్టులు, చక్కని సోఫా. తర్వాత బ్యాటరీ కంపార్ట్‌మెంట్ తెరిచి చూశాం.

ఒక్కటంటే ఒక్క లెడ్ యాసిడ్ బ్యాటరీ. 100 యాంప్ అవర్స్.

పక్కనే స్టిక్కర్: "లిథియం రెడీ". ఇంకోచోట "సోలార్ రెడీ". ఒకప్పుడు మన ఇళ్ళకి వచ్చిన "హెచ్‌డీ రెడీ" టీవీలు గుర్తున్నాయా? ఫుల్ హెచ్‌డీ అనుకుని కొన్నవాళ్ళు ఎంతమందో. ఇదీ అదే బాపతు. లిథియం రెడీ అంటే లిథియం పెడితే ఛార్జర్ సపోర్ట్ చేస్తుందని అర్థం, లిథియం ఉందని కాదు. సోలార్ రెడీ అంటే చాలాసార్లు రూఫ్ నుంచి వైరు, ఒక ప్లగ్ ఉన్నాయని మాత్రమే. ప్యానెల్స్ మీరు కొనాలి.

అసలు ట్విస్ట్ ఫ్రిజ్‌లో ఉంది. పాత మోటార్‌హోమ్‌లలో అబ్జార్ప్షన్ ఫ్రిజ్ ఉంటుంది. గ్యాస్ మంటతో చల్లబరుస్తుంది, కరెంట్ కంట్రోల్ బోర్డుకి మాత్రమే. కొత్తవాటిలో ఎక్కువగా 12 వోల్ట్‌ల కంప్రెసర్ ఫ్రిజ్ వస్తోంది. నిజం చెప్పాలంటే ఫ్రిజ్‌గా అదే బెటర్. తొందరగా చల్లబడుతుంది, బండి కొంచెం వాలుగా ఆపినా ఇబ్బంది లేదు, టెక్సస్ ఎండలో కూడా పెరుగు పులిసిపోదు. కానీ అది మొత్తం బ్యాటరీ మీదే నడుస్తుంది. సగటున 45 వాట్లు అనుకున్నా రాత్రికి 450 వాట్ అవర్స్ అదనం.

అంటే కొత్త బండిలో రాత్రి అవసరం సుమారు 1,500. షోరూమ్ నుంచి వచ్చిన బ్యాటరీలో వాడుకోగలిగింది 600. పాత బండి తెల్లారే ముందు చేతులెత్తేస్తుందనుకుంటే, ఇది అర్ధరాత్రికే ఎత్తేస్తుంది. లిథియం ప్యాకేజ్ కావాలంటే అదనంగా 5,800 డాలర్లు అన్నారు. 1,28,000 పెట్టాక కూడా మా అసలు సమస్య తీరడానికి ఇంకో 5,800 కావాలన్నమాట.

కరెంట్ హుకప్ ఉన్న పార్కులకే వెళ్ళేవాళ్ళకి ఇదేమీ సమస్య కాదు. వాళ్ళకి కంప్రెసర్ ఫ్రిజ్ ఉన్న కొత్త బండి మంచి డీలే. మీ వాడకం ఏంటో మీకు తెలియాలి, అంతే.

ఇప్పుడు డబ్బుల లెక్క

మా పాత బండికి డీలర్ ఇస్తానన్న ట్రేడ్-ఇన్ 30,000. టెక్సస్‌లో ట్రేడ్-ఇన్ తీసేసిన మొత్తం మీద 6.25 శాతం సేల్స్ ట్యాక్స్. అంటే 98,000 మీద 6,125. ఫీజులు 875. మొత్తం లోన్ 1,05,000 డాలర్లు. 8.5 శాతం వడ్డీ, 15 ఏళ్ళు. ఈఎంఐ సుమారు 1,034.

"ఇద్దరికీ పంచుకుంటే నెలకి 517 డాలర్లే కదా" అన్నాడు బావ. వినడానికి బాగానే ఉంది. కానీ 15 ఏళ్ళు కడితే వడ్డీయే 81,000 దాటుతుంది. ఈఎంఐని ఖర్చు అనుకోకూడదు. అది ఖర్చుని ముక్కలు చేసి చూపించే పద్ధతి. అసలు ఖర్చు తెలియాలంటే మూడేళ్ళ తర్వాత ఎక్కడ ఉంటామో చూడాలి. అదే మోడల్ మూడేళ్ళ పాతది అమ్మకానికి 86,000 దగ్గర కనిపించింది. ఆ లెక్కన, సంవత్సరానికి 26 రాత్రులు, మూడేళ్ళకి 78 రాత్రులు అనుకుని:

కొత్త బండి
విలువ తరుగుదల: 42,000
వడ్డీ: 25,400
ట్యాక్స్, ఫీజులు: 7,000
ఇన్సూరెన్స్, పార్కింగ్ స్టోరేజ్: 8,400
మొత్తం: 82,800. రాత్రికి సుమారు 1,060 డాలర్లు.

పాత బండి, బ్యాటరీ అప్‌గ్రేడ్‌తో
విలువ తరుగుదల: 6,000
ఇన్సూరెన్స్, స్టోరేజ్: 6,000
టైర్లతో కలిపి రిపేర్లు: 4,500
ఎలక్ట్రికల్ అప్‌గ్రేడ్: 2,200
మొత్తం: 18,700. రాత్రికి 240 డాలర్లు.

అద్దెకి తీసుకుంటే
అదే సైజు బండి, ఇన్సూరెన్స్, మైలేజ్ ఛార్జీలతో మాకు వచ్చిన కోట్ రాత్రికి 230. మూడేళ్ళకి 17,940.

పెట్రోల్ మూడింటికీ దాదాపు ఒకటే కాబట్టి కలపలేదు. తరుగుదల అంకెలు మేం చూసిన లిస్టింగ్స్‌ని బట్టి వేసినవి, మీ మోడల్‌కి మారతాయి. కానీ తేడా ఎంతుందో చూడండి. ఇంకో ఆశ్చర్యం ఏంటంటే, పాత బండి ఉంచుకోవడానికీ అద్దెకి తీసుకోవడానికీ తేడా దాదాపు లేదు. సంవత్సరానికి 26 రాత్రుల కంటే తక్కువ వాడేవాళ్ళు మోటార్‌హోమ్ కొనే ముందు ఈ లైన్ రెండుసార్లు చదవండి. మేం సొంతది ఉంచుకోవడానికి కారణం డబ్బు ఆదా కాదు. శుక్రవారం సాయంత్రం లాగిన్ క్లోజ్ చేసి, పప్పు, ఆవకాయ, కుక్కర్ అన్నీ బండిలోనే ఉన్నాయి కాబట్టి గంటలో బయల్దేరిపోవచ్చు. దానికి మేం ఇస్తున్న ధర రాత్రికి పది డాలర్లు.

వీసా మూడేళ్ళు, లోన్ పదిహేనేళ్ళు

ఈ సెక్షన్ అమెరికాలో ఉన్న మనవాళ్ళ కోసం. ఏ ఆర్‌వీ కాలిక్యులేటర్‌లోనూ ఈ బాక్స్ ఉండదు.

నేను హెచ్-1బీ మీద ఉన్నాను. ఒకసారికి గరిష్ఠంగా మూడేళ్ళు ఇస్తారు. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికో, స్టేటస్ మార్చుకోవడానికో, సర్దుకుని వెళ్ళడానికో గరిష్ఠంగా 60 రోజులు. ఆ 60 రోజుల్లో కారు అమ్మొచ్చు, ఫర్నిచర్ అమ్మొచ్చు. 28 అడుగుల మోటార్‌హోమ్‌ని, అదీ లోన్ ఉన్నదాన్ని, అమ్మడం అంత ఈజీ కాదు.

ఎందుకంటే మూడేళ్ళ తర్వాత ఆ లోన్‌లో ఇంకా సుమారు 93,000 బాకీ ఉంటుంది. మొదట్లో కట్టేదంతా ఎక్కువగా వడ్డీకే పోతుంది మరి. బండి విలువ 86,000. అంటే అమ్మేసినా ఇంకో 7,000 చేతి నుంచి కట్టి బయటపడాలి. డీలర్‌కి అమ్మితే ఇంకా ఎక్కువ. ఉద్యోగం పోయిన టైమ్‌లో ఆ డబ్బు కట్టడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఈ లెక్క షీట్‌లో పెట్టి చూపించాక బావ కాసేపు ఏం మాట్లాడలేదు. తనది గ్రీన్ కార్డ్, నాది కాదు. లోన్ మీద ఇద్దరి సంతకాలూ ఉంటాయి. "నీకేమైనా అయితే మొత్తం నా మీద పడుతుందని కాదురా నేను ఆలోచించేది," అన్నాడు చివరికి, "నువ్వు ఆ 60 రోజులు దీని గురించి టెన్షన్ పడకూడదు." అక్కడితో కొత్త బండి టాపిక్ క్లోజ్.

2,200 డాలర్లలో ఏం పెట్టాం

రెండు 100 యాంప్ అవర్స్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు: 600
30 యాంప్స్ డీసీ టు డీసీ ఛార్జర్: 200
లిథియం ప్రొఫైల్ ఉన్న కొత్త కన్వర్టర్: 220
షంట్‌తో బ్యాటరీ మానిటర్: 130
400 వాట్ల సోలార్, ఎంపీపీటీ కంట్రోలర్: 480
2,000 వాట్ల ప్యూర్ సైన్ ఇన్వర్టర్: 300
కేబుల్స్, ఫ్యూజులు, బ్రేకర్లు: 270

ఎందుకు ఇన్ని ఐటమ్స్? బ్యాటరీ మార్చేస్తే సరిపోదా? సరిపోదు, కారణాలు చెప్తా.

లిథియం బ్యాటరీకి లోపలి నిరోధం చాలా తక్కువ. ఇంజిన్ ఆల్టర్నేటర్‌కి డైరెక్ట్‌గా కలిపితే దొరికినంత కరెంట్ లాగేస్తుంది, ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోయే ప్రమాదం ఉంది. మధ్యలో డీసీ టు డీసీ ఛార్జర్ పెడితే 30 యాంప్స్ దగ్గర కట్టడి చేస్తుంది. అలాగే పాత కన్వర్టర్ 13.6 వోల్ట్‌ల దగ్గర ఆగిపోతుంది. లిథియం నిండుగా ఛార్జ్ అవ్వాలంటే 14.4 దాకా వెళ్ళాలి, అందుకే అదీ మార్చాం. ఇక షంట్ మానిటర్ లేకపోతే లిథియంలో ఎంత మిగిలిందో తెలీదు. దాని వోల్టేజ్ చివరి దాకా దాదాపు ఫ్లాట్‌గా ఉండి, ఒక్కసారిగా పడిపోతుంది.

చలి గురించి ఒక హెచ్చరిక. సున్నా డిగ్రీల కంటే కింద లిథియం బ్యాటరీని ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని సెల్ శాశ్వతంగా దెబ్బతింటుంది. వాడుకోవచ్చు, ఛార్జ్ చేయకూడదు. అందుకే కొనేటప్పుడు లో టెంపరేచర్ కట్ ఆఫ్ ఉన్న బీఎంఎస్ ఉందో లేదో తప్పకుండా చూడండి. చవగ్గా దొరికే కొన్నిట్లో ఇది ఉండదు.

ఇంకో హెచ్చరిక. 2,000 వాట్లని 12 వోల్ట్‌ల నుంచి లాగితే 170 యాంప్స్ పైనే. సన్నటి కేబుల్ వేస్తే నిప్పు అంటుకుంటుంది. కేబుల్ సైజ్, బ్యాటరీ పక్కనే మెయిన్ ఫ్యూజ్, ఈ రెండింట్లో పొదుపు వద్దు. వైరింగ్ మీద నమ్మకం లేకపోతే టెక్నీషియన్‌తో చేయించండి. అలా చేయించినా కొత్త బండి మొదటి ఆరు నెలల ఈఎంఐ అంత కూడా కాదు.

టెస్ట్ రిజల్ట్

మా ఇంటి ముందు డ్రైవ్‌వేలో ఒక రాత్రి, బయట 4 డిగ్రీలు, కరెంట్ ప్లగ్ తీసేసి పడుకున్నాం. హీటర్ ఆన్, సీపాప్ బదులు అంతే కరెంట్ లాగే 40 వాట్ల బల్బు. ఉదయం ఏడింటికి మానిటర్ 59 శాతం చూపించింది. పేపర్ మీద లెక్క 58 వచ్చింది. ఇంజనీర్‌కి ఇంతకంటే ఆనందం ఏముంటుంది.

పగలు సోలార్ సంగతి: చలికాలంలో రూఫ్ మీద పడుకోబెట్టిన 400 వాట్ల ప్యానెల్స్ ఎండ బాగుంటే రోజుకి సుమారు 1,100 వాట్ అవర్స్ ఇస్తున్నాయి. రాత్రి ఖర్చు 1,070. అంటే ఎండ ఉన్నన్ని రోజులు సున్నాకి సున్నా. మబ్బు పట్టినా రెండు రాత్రులు ధైర్యంగా ఉండొచ్చు. నాన్న మెషిన్‌కి డీసీ అడాప్టర్ కూడా కొన్నాం, ఇన్వర్టర్ నష్టం తగ్గుతుంది. హ్యుమిడిఫయర్ వేడి ఆపొచ్చా అని డాక్టర్‌ని అడిగి కనుక్కోమని అమ్మకి చెప్పాను, ఆయన పర్వాలేదన్నారు. మీ ఇంట్లో ఎవరికైనా సీపాప్ ఉంటే ఆ ప్రశ్న మీ డాక్టర్‌నే అడగండి.

దీంతో ఏసీ నడుస్తుందా? అడుగుతారని తెలుసు. రూఫ్ ఏసీ 1,300 వాట్ల పైనే లాగుతుంది. రెండు గంటలు కూడా రాదు. వేసవికి హుకప్ ఉన్న పార్కే దారి.

అప్‌గ్రేడ్ చేసినా తీరనివి

ఇక్కడ పాత బండిని వెనకేసుకు రాను. బ్యాటరీ మార్చినంత మాత్రాన ఇది కొత్త బండి అయిపోదు.

కొత్త ఈ-సిరీస్ ఛాసిస్‌లలో లేన్ డిపార్చర్ వార్నింగ్, ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకింగ్ లాంటివి వస్తున్నాయి. ఏ మోటార్‌హోమ్‌లో ఏవి ఉన్నాయో బండి దగ్గరే చెక్ చేసుకోవాలి. మా బండికి అవి ఎంత డబ్బు పెట్టినా రావు. సీట్ బెల్టులు కూడా ముందుకి చూసే సీట్లకే నమ్మదగ్గవి. అందుకే అమ్మానాన్నలు ముందుకి చూసే డైనెట్ సీట్లో, బెల్ట్ పెట్టుకుని. సోఫాలో పడుకుని ప్రయాణం చేయడం అనేది మా బండిలో నిషేధం.

బరువు ఇంకోటి. తలుపు దగ్గర ఉన్న స్టిక్కర్ మీద మనుషులు, సామాను కలిపి ఎంత మోయొచ్చో రాసి ఉంటుంది. 40 గాలన్ల నీళ్ళే 330 పౌండ్లు. నలుగురు మనుషులు, నీళ్ళు, సామాను వేసి ట్రక్ స్కేల్ మీద తూకం వేయించండి. కొత్త బండి అయితే ఎక్కువ మోస్తుందని రూల్ లేదు. పొడవైన స్లయిడ్ అవుట్‌లు పెట్టిన కొత్త మోడళ్ళలో ఈ నంబర్ తక్కువగా ఉండడం కూడా చూశాం.

పొడవు కూడా అంతే. బిగ్ బెండ్‌లోనే చిసోస్ బేసిన్ రోడ్డు 24 అడుగులు దాటిన ఆర్‌వీలకి వద్దని పార్క్ వాళ్ళే చెప్తారు. పాతదైనా కొత్తదైనా 28 అడుగుల బండితో అక్కడికి వెళ్ళలేం. ఆ ప్లేస్ మీకు ముఖ్యమైతే మీరు చూడాల్సింది క్లాస్ బీ. కొన్ని ప్రైవేట్ పార్కులు పదేళ్ళు దాటిన బండ్లని రానివ్వవు, అదీ గుర్తుంచుకోండి.

అమ్మ మోకాళ్ళకి మాత్రం చవకైన పరిష్కారం దొరికింది. తలుపు దగ్గర పెద్ద హ్యాండిల్, కింద వెడల్పాటి మెట్టు. 90 డాలర్లు.

మరి ఎవరు అప్‌గ్రేడ్ చేయాలి?

కొత్తది తీసుకోండి:
రూఫ్ నుంచి నీళ్ళు దిగి గోడలు, నేల మెత్తబడితే. దీనికి రిపేర్ పెట్టడం అడుగు లేని బిందెలో నీళ్ళు పోయడమే.
ఏడాదికి 80, 100 రాత్రులు బండిలోనే ఉండి రిమోట్ వర్క్ చేస్తుంటే.
కుటుంబం పెరిగి, బెల్ట్ ఉన్న సీట్లు సరిపోకపోతే.
లోన్ లేకుండా, లేదా విలువ పడిపోయినా మునగనంత డౌన్ పేమెంట్‌తో కొనగలిగితే.

అప్పుడు కూడా మూడు నాలుగేళ్ళ పాతది ముందు చూడండి. మొదటి ఓనర్ తరుగుదల మొత్తం భరించి, చిన్న చిన్న ఫ్యాక్టరీ లోపాలు సరిచేయించి ఉంటాడు.

ఉన్నదాన్నే ఉంచుకోండి:
రూఫ్ పొడిగా ఉండి, ఇంజిన్ బాగుండి, మీ కంప్లయింట్ మొత్తం బ్యాటరీ, లైట్లు, ఇంటర్నెట్, స్క్రీన్ గురించే అయితే. ఇవన్నీ విడిగా మార్చుకోవచ్చు.

అద్దెకి తీసుకోండి:
ఏడాదికి రెండు ట్రిప్పులు మించకపోతే. ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు.

మా వరకు షీట్‌లో మూడు లైన్లు రాసి పెట్టుకున్నాం. రూఫ్‌లో తడి కనిపించిన రోజు, లేదా ఏడాదికి 60 రాత్రులు దాటిన రోజు, లేదా నా గ్రీన్ కార్డ్ వచ్చిన రోజు మళ్ళీ ఈ టాపిక్ ఓపెన్ చేస్తాం. మూడోదానికి క్యూ ఎంత పొడుగుందో మీకు తెలుసు కాబట్టి, ఆ 2012 బండికి ఇంకా చాలా సర్వీస్ ఉన్నట్టే.

మీ దగ్గర మోటార్‌హోమ్ ఉన్నా, కొనాలని ఆలోచిస్తున్నా, షోరూమ్‌కి వెళ్ళే ముందు మీ ఒక్క రాత్రి వాట్ అవర్స్ లెక్క కాగితం మీద వేసుకుని వెళ్ళండి. "లిథియం రెడీ" అని సేల్స్‌మ్యాన్ అనగానే ఆ కాగితం తీసి, "ఇది నడుస్తుందా?" అని అడగండి. జవాబు కంటే ముందు ఆయన మొహం చూడండి, మీకు రివ్యూ అక్కడే దొరుకుతుంది.